నిద్రిస్తున్న బిడ్డను లేపని సలాం

నాగోల్‌లో మా చెల్లెలి ఇల్లు మెట్రో స్టేషన్‌కు దగ్గర. గడచిన వర్షాకాలంలో ఆమె ఆరేళ్ల కుమారునికి న్యుమోనియా సోకింది. ఆ పరిసరాల్లోని ఒక ఆసుపత్రిలో చేర్చారు. రెండవ రోజు ఇషా నమాజు ముగిశాక బంధువులం అయిదుగురం పండ్లు, బిస్కెట్లు తీసుకుని పరామర్శకు వెళ్లాము. అప్పటికి రాత్రి తొమ్మిదిన్నర దాటింది. అలవాటు ప్రకారం గుమ్మంలోనే అందరమూ గట్టిగా సలాం చెప్పాము. అప్పుడే నిద్రలోకి జారుకున్న బాలుడు ఉలిక్కిపడి లేచి ఏడవసాగాడు. మా చెల్లెలు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "రెండు గంటలుగా జోకొట్టి ఇప్పుడే నిద్రపుచ్చాను ఆపా" అని మాత్రం నెమ్మదిగా అంది.

రోగిని పరామర్శించడం ముస్లింపై తోటి ముస్లింకున్న హక్కు. ఆ పుణ్యకార్యానికే వెళ్లి, రోగికి అత్యంత అవసరమైన విశ్రాంతిని మేమే దూరం చేశాము. ఆ రాత్రి ఇంటికి తిరిగి వస్తుండగా సహీహ్ ముస్లింలోని ఒక హదీసు గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) ఆశ్రయంలో కొంతకాలం గడిపిన హజ్రత్ మిఖ్దాద్ (రజి) ఆయన అలవాటును వివరించారు. ఆయన రాత్రివేళ వచ్చినప్పుడు నిద్రిస్తున్నవారు మేల్కొనకుండా, మెలకువగా ఉన్నవారికి మాత్రమే వినిపించేలా సలాం చెప్పేవారట. ఇతరుల నిద్రను గౌరవించడం కూడా మన ప్రవక్త (స) నేర్పిన సంస్కారమే. ఆసుపత్రి గదిలో దీనిని ఆచరించవలసిన అవసరం మరీ ఎక్కువ.

నిద్ర కూడా చికిత్సలో భాగమే

పిల్లల ఎదుగుదలకు తోడ్పడే హార్మోను అధికంగా గాఢనిద్రలోనే విడుదలవుతుంది. వ్యాధులతో పోరాడే రోగనిరోధక శక్తికీ నిద్ర అండగా ఉంటుంది. నిద్ర కొరవడిన బిడ్డకు నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. చిరాకు పెరుగుతుంది, ఆహారం రుచించదు, మందు మింగడానికి మొరాయిస్తుంది. అమెరికాలోని నిద్రావైద్య నిపుణుల సంఘం 2016లో చేసిన సూచన ప్రకారం రోజు మొత్తంలో ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి అయిదేళ్ల వారికి 10 నుంచి 13 గంటలు, ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. జబ్బుపడిన పిల్లలకు ఈ అవసరం తగ్గదు సరికదా, మరికొంత పెరుగుతుంది.

అయితే ఆసుపత్రిలో నిద్రకు అడ్డంకులు ఎన్నో. ఆర్పని దీపాలు, సెలైన్ యంత్రం కూతలు, చేతికి గుచ్చిన సూది, జ్వరం చూడటానికి వచ్చే నర్సు, పక్క మంచంపై ఏడ్చే పసివాడు, కొత్త చోటు కలిగించే భయం. రాత్రివేళ రోగుల గదుల్లో సగటు శబ్దం 30 డెసిబెల్‌లకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలే సుమారు 60 డెసిబెల్‌లు ఉంటాయి. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం ఆసుపత్రుల చుట్టూ నూరు మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. వీధిలో హారన్ మోగించకూడదని మనకు తెలుసు. మంచం పక్కన ఫోనులో బిగ్గరగా మాట్లాడకూడదన్న సంగతి మాత్రం మరచిపోతాము.

నర్సును, డాక్టరును అడగవలసినవి

సందేహాలు అడిగితే సిబ్బంది విసుక్కుంటారేమోనని చాలామంది తల్లులు మౌనంగా ఉండిపోతారు. మర్యాదగా అడగడం తప్పు కాదు. "రాత్రి ఎన్ని గంటలకు మందులున్నాయి? జ్వరం, నాడి చూడటం, నెబ్యులైజర్ పెట్టడం ఒకేసారి జరిగే వీలుందా? బిడ్డ పరిస్థితి నిలకడగా ఉంటే నడిరాత్రి పరీక్షలు తగ్గించవచ్చా?" అని సాయంత్రమే డాక్టరును అడగండి. నొప్పి ఉంటే పడుకునే ముందే చెప్పండి. స్టెరాయిడ్ మందులు కొందరు పిల్లలకు నిద్ర పట్టనివ్వవు. వాటిని ఉదయమే ఇవ్వడానికి వీలవుతుందేమో తెలుసుకోండి. సెలైన్ ఎక్కుతున్న బిడ్డకు మూత్రం తరచుగా వస్తుంది కాబట్టి నిద్రకు ముందు ఒకసారి మరుగుదొడ్డికి తీసుకువెళ్లండి.

ఇక్కడ ఒక హెచ్చరిక. కొన్ని వ్యాధుల్లో గంటగంటకూ పరీక్షించడం ప్రాణరక్షణకు అవసరం. డాక్టరు తప్పదంటే అడ్డుచెప్పకూడదు. యంత్రం కూస్తే మనమే మీటలు నొక్కకుండా నర్సును పిలవాలి. నిద్రమత్తు కలిగించే సిరప్‌లు సొంతంగా ఇవ్వరాదు. బిడ్డ పిలిచినా పలకనంత మగతగా ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తున్నా దానిని మంచి నిద్ర అనుకోకుండా వెంటనే సిబ్బందికి తెలపాలి.

ఇంటి రాత్రిని వెంట తీసుకువెళ్దాం

పిల్లలకు నిద్ర వచ్చేది గడియారం చూసి కాదు, అలవాటైన క్రమాన్ని బట్టి. ఇంట్లో ముఖం కడిగి, బట్టలు మార్చి, కథ చెప్పి, దుఆ చదివించి పడుకోబెడతారా? ఆసుపత్రిలోనూ అదే వరుస పాటించండి. ఇంటి దుప్పటి, ఇష్టమైన బొమ్మ వెంట తీసుకువెళ్లండి. ఏడాది లోపు శిశువుల పక్కలో మాత్రం దిండ్లు, బొమ్మలు ఉంచకూడదు. వారిని వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచానికున్న కడ్డీలు పైకి లేపి ఉంచాలి. నిద్రకు గంట ముందే ఫోను పక్కన పెట్టాలి. దాని వెలుగు మెదడుకు ఇంకా పగలేనన్న సంకేతమిస్తుంది.

దైవప్రవక్త (స) పడుకునే ముందు ఇఖ్లాస్, ఫలఖ్, నాస్ సూరాలు పఠించి, అరచేతుల్లో ఊది శరీరంపై నిమురుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. తల్లి మెల్లని గొంతుతో అలా పఠించి బిడ్డ నుదురు నిమిరితే దుఆ శుభంతో పాటు స్పర్శ కలిగించే ధైర్యమూ బిడ్డకు లభిస్తుంది. ఉదయం కాగానే కిటికీ తెర తీసి వెలుగు రానివ్వండి. పగటి నిద్ర సాయంత్రం దాకా సాగకుండా ఏదైనా ఆట ఆడించండి. రేపు జరగబోయే దానిని చిన్న మాటల్లో ముందే చెప్పండి. నొప్పి ఉండే పనికి "ఏమీ కాదు" అని అబద్ధం చెబితే మరునాటి రాత్రి బిడ్డ మన మాట నమ్మి కళ్లు మూయదు.

ప్రత్యేక గది అందరికీ దొరకదు. నాగోల్ నుంచి నగరం మరో వైపున ఉన్న రెడ్‌హిల్స్‌కు, అక్కడి నీలోఫర్ ఆసుపత్రికి పిల్లలను తీసుకువెళ్లే కుటుంబాలు ఉన్నాయి. 1953లో ప్రారంభమైన ఆ ప్రభుత్వ ఆసుపత్రికి దూరప్రాంతాల నుంచి కూడా పసిపిల్లలు వస్తారు. అటువంటి చోట చీకటిని, నిశ్శబ్దాన్ని మనం కోరినంతగా పొందలేము. కానీ మన గొంతు తగ్గించుకోవడం మన చేతుల్లోనే ఉంది. పొరుగువారి హక్కు గురించి ఇస్లాం ఎంతగానో నొక్కి చెప్పింది. వార్డులో పక్క మంచంపై ఉన్న బిడ్డ కూడా మన పొరుగే.

పరామర్శ ఎలా ఉండాలి?

ఒకప్పుడు ఇంగ్లండులోని అనేక ఆసుపత్రుల్లో తల్లిదండ్రులను సైతం కొద్ది సమయమే లోపలికి అనుమతించేవారు. తల్లి దగ్గర ఉండటం బిడ్డకు మేలని, సందర్శన వేళలపై ఆంక్షలు సడలించాలని 1959లో ప్లాట్ కమిటీ నివేదిక సిఫారసు చేసింది. మన దగ్గర తల్లి సాధారణంగా బిడ్డ పక్కనే ఉంటుంది. ఇది పెద్ద వరం. అయితే ఆ తల్లి కూడా మనిషే. వరుసగా మూడు రాత్రులు కునుకు లేని తల్లి బిడ్డకు ధైర్యం ఎలా చెప్పగలదు?

కనుక పరామర్శకు వెళ్లే ముందు ఫోనులో అడగండి. ఆసుపత్రి అనుమతించిన వేళలో ఒకరిద్దరే వెళ్లండి. దుఆ చేసి త్వరగా సెలవు తీసుకోండి. బిడ్డ నిద్రలో ఉంటే లేపవద్దు. అన్నిటికన్నా మేలైన పరామర్శ ఆ తల్లి భారాన్ని ఒక రాత్రి మనం మోయడం.

బిడ్డ ఇంటికి వచ్చాక కూడా కొన్ని రాత్రులు ఉలిక్కిపడవచ్చు, పక్క తడపవచ్చు. మందలించకుండా పాత క్రమాన్ని తిరిగి అలవాటు చేయాలి. వారాలు గడిచినా భయం తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

నాలుగవ రోజు నేను మధ్యాహ్నమే ఖిచిడీ పట్టుకుని ఒంటరిగా వెళ్లాను. రాత్రికి చెల్లెల్ని ఇంటికి పంపి నేనే ఉండిపోయాను. అప్పటికి బాలుడు కోలుకుంటున్నాడు. డాక్టరు అనుమతితో నర్సు పది గంటలకే పరీక్షలన్నీ ఒకేసారి ముగించింది. మూడు సూరాలు పూర్తికాకముందే వాడు నిద్రపోయాడు. తెల్లవారుజామున మరిదిగారు ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చి, తలుపు ఓరగా తెరచి మెల్లగా సలాం చెప్పారు. నాకు మాత్రమే వినిపించింది. నేనూ అంతే మెల్లగా జవాబు చెప్పాను. బాలుడు కదలలేదు.