మీకు తెలుసా? గంటలు మోగని రోజులు

ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రపు పూజలో మహిమ గీతం పాడుతూ కథోలిక దేవాలయాల్లో గంటలు మోగిస్తారు. ఆ తర్వాత అవి మళ్లీ మోగేది శనివారం రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణలోనే. ఈ మధ్యకాలంలో చాలా దేశాల్లో చెక్క పలకల చప్పుడుతోనే విశ్వాసులను పిలుస్తారు. శుభ శుక్రవారం దివ్యబలిపూజ ఉండదు. గురువారం ఆశీర్వదించి దాచిన సత్ప్రసాదాన్నే పంచుతారు.

అన్నిటికన్నా మనసును కదిలించేది గురువారం పాదాలు కడిగే ఆచారం. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లోని బాలనేరస్థుల కారాగారానికి వెళ్లి, మోకాళ్లూని 12 మంది పాదాలు కడిగి ముద్దుపెట్టారు. వారిలో ఇద్దరు యువతులు, ముస్లింలూ ఉన్నారు. అప్పటికి నియమం ప్రకారం ఈ ఆచారం పురుషులకే పరిమితం. 2016లో ఆ నియమాన్నే మార్చి స్త్రీలకూ చోటిచ్చారు.