ఉచిత బియ్యం ఉండగా అన్నదానం దేనికట!

గణపవరం సెంటర్లో గానీ, తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్ దగ్గర గానీ, ఏలూరు పెద్దాసుపత్రి ఎదుట గానీ ఏ టీ కొట్టు ముందు నిలబడినా ఈమధ్య ఒకటే మాట. ‘‘ప్రభుత్వం బియ్యం ఉచితంగా ఇస్తోంది, ఐదు రూపాయలకు భోజనం పెడుతోంది. ఇంకా ఈ అన్నదానాలకు చందాలేమిటండీ? మనమిచ్చిన బియ్యం మిల్లుకి పోతున్నాయంట!’’ ఎవరు చూశారని అడిగితే జవాబుండదు, ఫోన్లో వచ్చిందంటారు. వినేవాళ్లకు మాత్రం ఈ మాట భలే కలిసొస్తుంది. అసలే ఖర్చులు పెరిగి చెయ్యి ఆడని రోజులు. ఇవ్వలేకపోతున్నామని ఒప్పుకోవడం కంటే ఇవ్వడం అనవసరమని తేల్చెయ్యడం సుఖం కదా.

ఇలాంటి మాట ఊళ్లో తిరగడం మొదలైతే, రోజూ వంద విస్తళ్లు వేసే వంటశాలలో దాతలు తేదీలు రాయించుకునే పుస్తకంలో ఖాళీలు పెరుగుతాయి. ముఖం మీద ‘‘ఇవ్వను’’ అనే దాత మన వైపు ఉండడు. ‘‘వచ్చే నెల చూద్దాం’’ అంటాడు. ఆ వచ్చే నెల రాదు. కాబట్టి ఈ ప్రచారాన్ని కాస్త ఓపిగ్గా విప్పి చూడాలి. ఓపిక తక్కువే ఉంది, అయినా చూద్దాం.

ముందు బియ్యం సంగతి. 2023 జనవరి నుంచి ఆహార భద్రత కార్డుదారులకు కేంద్రం బియ్యం ఉచితంగా ఇస్తున్న మాట నిజమే. 2024 జనవరి నుంచి ఇంకో ఐదేళ్లు పొడిగించారు కూడా. ఇచ్చేదెంత? మనిషికి నెలకు ఐదు కిలోలు, అంటే రోజుకు 166 గ్రాములు. నాట్లు వేసేవాళ్లకు, రొయ్యల చెరువులో వల లాగేవాళ్లకు అది ఒక పూట అన్నం. రెండో పూట సంగతి ఎవరూ అడగరు. పైగా రేషన్ డిపోలో ప్రధానంగా ఇచ్చేది బియ్యమే. కందిపప్పు ఏ నెల వస్తుందో డీలరుకే తెలియదు. నూనె, ఉప్పు, చింతపండు, గ్యాస్ బండ ఎవరికి వాళ్లే కొనుక్కోవాలి. 2025 జూన్ నుంచి 65 ఏళ్లు దాటినవాళ్లకు, దివ్యాంగులకు ఇంటి దగ్గరికే సరుకు అందించే ఏర్పాటు చేశారు. మంచిదే. ఆ బియ్యాన్ని వండేదెవరు? పిల్లలు హైదరాబాద్‌లోనో, కువైట్‌లోనో ఉండి, చూపు ఆనని ముసలావిడ పొయ్యి దగ్గర కూర్చోలేకపోతే ఆ బియ్యం మూట ఆవిడకు కడుపు నింపదు. అన్నదానం వరసలో కూర్చునేవాళ్లు చాలామంది కార్డు లేనివాళ్లు కాదు. కార్డు ఉండి, వండుకోలేనివాళ్లు. పెద్దాసుపత్రిలో రోగికి భోజనం వస్తుంది. మంచం పక్కన నేలమీద పడుకునే మనిషికి రాదు. ఆ మనిషి రేషన్ కార్డు ఏ కైకలూరు లంకలోనో బీరువాలో ఉంటుంది. కార్డు దగ్గరున్నా, ఆసుపత్రి వరండాలో ఎసరు పెట్టనివ్వరు.

ఇక ఐదు రూపాయల భోజనం. అన్న క్యాంటీన్లు 2018 జులైలో మొదలయ్యాయి, 2019లో మూతపడ్డాయి, 2024 ఆగస్టు 15న మళ్లీ తెరుచుకున్నాయి. ఆ ఐదేళ్లూ ఆకలి సెలవు తీసుకోలేదు. అవి ప్రధానంగా పట్టణాల్లో ఉంటాయి, ఆదివారం మూసి ఉంటాయి. పిప్పరలోనో నిడమర్రులోనో ఉన్న ముసలాయన ఐదు రూపాయల భోజనం కోసం తాడేపల్లిగూడెం వెళ్లాలంటే బస్సుకే అంతకు ఎన్నో రెట్లవుతుంది. అన్నిటికన్నా తమాషా ఏమిటంటే, ఆ క్యాంటీన్లకూ ప్రభుత్వం మొదటి రోజు నుంచే విరాళాలు తీసుకుంటోంది. ప్రభుత్వమే దాతల్ని అడుగుతుంటే, ప్రభుత్వం పెడుతోంది కాబట్టి దాతలక్కర్లేదనే తర్కం ఎక్కడిదో నాకర్థం కాదు.

ఇప్పుడు వంటశాలలోకి రండి. ఇది డెల్టా. దాళ్వా, సార్వా నూర్పిళ్లు కాగానే బస్తా బియ్యం పంపే రైతులు ఇంకా ఉన్నారు. అందుకే ‘‘బియ్యం వచ్చేస్తే ఇంకేం కావాలి’’ అనుకుంటారు. మరి పప్పు సంగతి? 2024 జులైలో కందిపప్పు బయట కిలో 180 రూపాయలు దాటిందని రాష్ట్ర ప్రభుత్వమే రైతు బజార్లలో కిలో 160కి, బియ్యం 48కి అమ్మించింది. ఆ తగ్గింపు ధరల్లోనే లెక్కెయ్యండి. వందమందికి ఒక పూటకు 15 కిలోల బియ్యం, 720 రూపాయలు. పప్పుకు నాలుగు కిలోల కందిపప్పు, 640 రూపాయలు. అంటే నాలుగు కిలోల పప్పు దాదాపు పదమూడు కిలోల బియ్యంతో సమానం. ఇంకా కూర మొదలుపెట్టలేదు. నూనె, మజ్జిగ, 19 కిలోల కమర్షియల్ బండ, వంటవాడి కూలి, గిన్నెలు తోమే మనిషి కూలి, విస్తళ్లు అన్నీ మిగిలే ఉన్నాయి. దాతలు ఇచ్చేది చవక సరుకు, నిర్వాహకులు కొనేది ఖరీదైన సరుకు. ధరలు పెరిగినప్పుడు వంటశాల ఊపిరి ఆడకుండా చేసేది ఈ తేడాయే.

అప్పుడు ఏం చేస్తారు? ముందు ముద్దపప్పు పప్పుచారవుతుంది. తర్వాత పప్పుచారులో సొరకాయ ముక్కలు పెరిగి పప్పు తగ్గుతుంది. పెరుగు పోయి మజ్జిగ వస్తుంది. అప్పటికీ కుదరకపోతే వారానికి ఏడు రోజులు ఆరవుతాయి. అన్నం మాత్రం ఆఖరి దాకా తగ్గించరు. బయటినుంచి చూసేవాడికి కుండెడన్నం కనబడుతుంది కాబట్టి ‘‘వీళ్లకేం తక్కువ’’ అనుకుంటాడు.

‘బియ్యం మిల్లుకి పోతున్నాయి’ అనే రెండో ముక్కకు వద్దాం. ఒకరు స్వర్ణ ఇస్తారు. మన మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన ఎంటీయూ 7029 అదే. ఇంకొకరు ఎంటీయూ 1121 ఇస్తారు, వేరొకరు నిన్న ఆడించిన కొత్త బియ్యం ఇస్తారు. ఈ మూడూ ఒక గుండిగలో పోస్తే ఒకటి ముద్దవుతుంది, ఒకటి పలుకుగా మిగులుతుంది. ఇంట్లో రెండు రకాలు కలిస్తేనే గొడవ, వందమందికి ఎలా వండుతారు? అందుకని వచ్చిన బియ్యం మిల్లులో ఇచ్చి, ఒకే రకం పాతవి మార్చుకుంటారు. ఆటోలోకి ఎక్కిన బస్తాల ఫోటో తీసినవాడు, తిరిగొచ్చిన బస్తాల ఫోటో తియ్యడు.

సరే, అమ్ముకునేవాళ్లే లేరా? ఉన్నారు. కాదంటే అబద్ధమవుతుంది. రసీదు పుస్తకం లేకుండా, ఎన్ని బస్తాలొచ్చాయో, ఎంతమంది తిన్నారో ఎక్కడా రాయకుండా, దాత పేరు మైకులో చదివి సరిపెట్టే చోట్లు ఉన్నాయి. అలాంటివాళ్ల వల్లే ఈ పుకారు నిలబడుతోంది. కానీ దానికి మందు లెక్క అడగడం. లెక్క అడగకుండా చందా మానేస్తే దొంగకు పోయేదేమీ లేదు, విస్తరి ముందు కూర్చున్నవాడికే పోతుంది.

అసలు విషయం ఏమిటంటే ఇచ్చే చేతులే ఇరుకున పడ్డాయి. ఇక్కడి దాతలు వరి రైతులు, చేపల, రొయ్యల చెరువులవాళ్లు, కిరాణా వ్యాపారులు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని రెండు విడతల్లో 50 శాతానికి పెంచింది. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే. మేత ధర అలాగే ఉండి రొయ్య ధర పడితే చెరువు యజమాని ముందుగా కోసుకునేది చందానే. తప్పుపట్టలేం. నూనెదీ అదే కథ. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచితే, పెదవేగి వైపు గెలలు కోసే రైతు సంతోషించాడు, గణపవరంలో పులిహోర కలిపే వంటవాడు తల పట్టుకున్నాడు. తర్వాతి ఏడాది మే ఆఖరున సుంకం తగ్గించారు. ఈసారి తల పట్టుకోవడం రైతు వంతయింది. ఇద్దరూ ఒకే ప్రాంతంవాళ్లు, పైగా ఒకరు దాత.

ఇది మన పల్లెల గొడవేనా అంటే కాదు. బ్రిటన్‌లో ట్రస్సెల్ సంస్థ ఫుడ్ బ్యాంకులు 2023-24లో 31 లక్షలకు పైగా అత్యవసర ఆహార పొట్లాలు పంచాయి. అక్కడా ధరలు పెరిగిన 2022లో అడిగేవాళ్లు పెరిగి, ఇచ్చేవాళ్ల సరుకు చాలక, నిల్వ డబ్బుతో కొనాల్సి వచ్చింది. డబ్బున్న దేశంలోనే దాత జేబు, తినేవాడి జేబు ఒకే నెలలో చిల్లుపడ్డాయి.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు.

పెళ్లిలో మిగిలినవి ఇస్తే చాలట. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, మధ్యాహ్నం వండిన అన్నం పట్టుకెళ్లమంటే అది దానం కాదు, మీ కల్యాణ మండపం శుభ్రం చేయించుకోవడం. మిగులు ఆహారం పంపిణీకి ఆహార భద్రతా సంస్థ 2019లో నిబంధనలే పెట్టింది, ఒకసారి కనుక్కోండి.

కార్తీకంలో అందరికీ పెడుతున్నాం కదా అంటారు. పెడుతున్నారు, అదే రోజు నాలుగు వీధుల్లో నలుగురు. ఆషాఢంలో ఒక్కరూ కనబడరు. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కొల్లేట్లోకి దిగి లంకలు మునిగినప్పుడూ ఇంతే. నీళ్లున్నన్నాళ్లు పులిహోర పొట్లాలు, నీళ్లు తీశాక పనుల్లేని నెలల్లో ఎవరూ లేరు.

శాశ్వత అన్నదానానికి ఎప్పుడో కట్టేశామంటారు. పాతికేళ్ల కిందట కట్టిన 1,116 రూపాయలకు ఏడు శాతం చొప్పున ఏడాదికి వచ్చే వడ్డీ 78 రూపాయలు. తిరుమలలో ఒక రోజు అన్నప్రసాదానికి దాత కట్టాల్సింది 2023లో 33 లక్షలు, 2024లో 38 లక్షలు, 2025లో 44 లక్షలు. వెంకన్న దగ్గరే ధర ఇలా పెరిగితే, ఊరి గుడి గోడమీద మీ తాతగారి పేరున్న చలువరాయి పప్పు ఉడికించదు.

అన్నం పెడితే సోమరులవుతారన్నవాళ్లను ఒకసారి ఆ వరసలో కూర్చోబెట్టాలి, అంతే.

కాబట్టి ఇవ్వగలిగినవాళ్లు ఇలా చెయ్యండి. బియ్యం బస్తా మీ అలవాటైతే మానకండి, కానీ ఒకే రకం, కాస్త పాతవి చూసి ఇవ్వండి. రేషన్ బియ్యం మాత్రం తేకండి. అవి పోగై ఉన్నాయని తెలిస్తే నిత్యావసర వస్తువుల చట్టం కింద 6ఏ కేసులో సరుకంతా పోతుంది, వంటశాల తలుపుకు తాళం పడుతుంది. పెద్ద మొత్తం ఏడాదికోసారి ఇవ్వడం కష్టమైతే నెలకు రెండు కిలోల కందిపప్పు, ఒక లీటరు నూనె రాయించుకోండి. పుట్టినరోజుకు బదులు పుస్తకం తెరిపించి ఏ తేదీ ఖాళీగా ఉందో అడిగి, ఆ తేదీ తీసుకోండి. రసీదు అడగండి. నెల లెక్క బోర్డు మీద పెట్టమనండి. పెట్టనంటే ఇంకో చోటికి ఇవ్వండి, మానెయ్యకండి. ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు కోసం చూసేవాళ్లు రెండు వేలకు మించి నగదు ఇవ్వకండి, ఫోన్లోనో చెక్కుతోనో ఇవ్వండి. సరుకు రూపంలో ఇస్తే ఆ మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకు అసలే లేదు.

ఏమీ ఇవ్వలేని పరిస్థితైతే ఇవ్వలేమని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆ బస్తాల ఫోటో మాత్రం ఇంకో గ్రూపుకి పంపకండి.