గురి తప్పేది ఎక్కడ?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమనగానే నాకు ఒక రనౌట్ గుర్తుకొచ్చింది. అప్పుడు నేను తాండూరు హాస్టల్లో ఎనిమిదో తరగతి. వికారాబాద్ హాస్టల్ జట్టుతో మ్యాచ్. చివరి ఓవర్లో బంతి నా చేతికే వచ్చింది. వికెట్లు పది అంగల దూరంలో ఉన్నాయి. విసిరాను. బంతి పక్కనుంచి పోయింది, మ్యాచ్ కూడా పోయింది. "నీ చేతికేమైందిరా?" అని అందరూ తిట్టారు. పి.ఇ.టి. సారు మాత్రం ఒక్కటే అడిగారు: "విసిరేటప్పుడు వికెట్లను చూసినవా, ఉరికొచ్చేటోణ్ని చూసినవా?"

నేను చూసింది ఉరికొచ్చేవాణ్నే.

సారు అడిగిన ఆ ప్రశ్నలో ఎంత శాస్త్రం ఉందో చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు జోన్ వికర్స్, బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో వేసేవారి చూపు ఎటు పోతుందో నమోదు చేసే పరికరంతో పరీక్షించి, ఫలితాలను 1996లో ప్రచురించారు. బాగా ఆడేవారి చూపు బంతి వేయడానికి ముందే రింగు మీద ఒకచోట నిలిచి, దాదాపు ఒక సెకను కదలకుండా ఉంది. అంత బాగా ఆడనివారి చూపు అంతసేపు నిలవలేదు. ఈ నిలకడకు ఆమె 'క్వైట్ ఐ' అని పేరు పెట్టారు. మనం నిశ్చల దృష్టి అనుకోవచ్చు. ద్రోణుడి పరీక్షలో అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనిపించిన కథ మనకు తెలిసిందే కదా!

చూపు ఎందుకు నిలవాలి? కంటి వెనుక పొర మధ్యలో ఉండే చిన్న భాగంతోనే మనం దేన్నైనా స్పష్టంగా చూస్తాం. చేయి చాచి బొటనవేలి గోరు చూడండి. స్పష్టమైన చూపు దాదాపు అంత మేరకే. పైగా కన్ను సెకనుకు మూడుసార్ల దాకా ఒకచోటి నుంచి మరోచోటికి దూకుతుంది. దూకే ఆ క్షణంలో మెదడుకు స్పష్టమైన బొమ్మ అందదు. దూరమెంత, దిక్కు ఏది, ఎంత బలం కావాలి అన్నది మెదడు లెక్క కట్టి చేతికి చెప్పాలంటే, కన్ను కాసేపు నిలవాలి. భయపడినప్పుడు ఈ నిలకడే ముందు పోతుంది. నా రనౌట్‌లో జరిగింది అదే.

మన తెలుగువాళ్లలోనే చూడండి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో 15 బాణాలకు 149 పాయింట్లు! ఒక్కటి తప్ప అన్నీ పదిలోనే. దూరం 50 మీటర్లు. పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు, అంటే మన స్టీలు గ్లాసు మూతి అంత. చేయి చాచి పట్టుకున్న ఆవగింజంత కూడా కనిపించదు. అవే క్రీడల్లో హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ పిస్టల్‌లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. పిస్టల్ షూటర్లు చూపును తుపాకీ కొనలోని సైట్ మీద నిలుపుతారు, లక్ష్యం మసకగా కనిపించినా సరే. కన్ను ఒకేసారి దగ్గరిదాన్నీ దూరపుదాన్నీ స్పష్టంగా చూడలేదు కనుక.

మీరూ పరీక్షించుకోండి. హాస్టల్ గోడమీద సుద్దతో రూపాయి బిళ్లంత గుర్తు పెట్టండి. పది అంగల దూరం నుంచి టెన్నిస్ బంతి 20 సార్లు మామూలుగా విసిరి, ఎన్ని దగ్గరగా పడ్డాయో నోటుబుక్కులో రాయండి. తర్వాత చేయి లేపకముందే ఆ గుర్తును చూస్తూ, మనసులో "ఒకటి, రెండు" అనుకుని, బంతి గోడకు తగిలేదాకా చూపు మరల్చకుండా 20 సార్లు విసరండి. రెండు వారాలు చేసి లెక్క చూసుకోండి. గులేరుతో మాత్రం వద్దు. పిట్ట ప్రాణం, పక్కవాడి కన్ను రెండూ విలువైనవే.

ఇంకొకటి. రెండు చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు ఉంచి, అందులోంచి జెండా కర్రను చూడండి. ఒక్కో కన్ను మూసి చూడండి. ఏ కన్ను తెరిచినప్పుడు కర్ర సందులోనే ఉంటుందో అది మీ ముఖ్యమైన కన్ను. కుడిచేతివాటం ఉన్నవారికి ఎడమ కన్ను ముఖ్యమైనది కావచ్చు. అది లోపం కాదు, గురి చూసేటప్పుడు తెలిసి ఉండాలి, అంతే.

అసలు చెప్పాలనుకున్నది చివర చెబుతున్నాను. మా గదిలో ఒక మిత్రుడుండేవాడు. గోలీలాటలో రాజు. దగ్గరి గోలీ ఏదైనా కొట్టేవాడు. క్యాచ్ మాత్రం ఒక్కటీ పట్టలేదు. నల్లబల్ల మీది లెక్క తప్పుగా ఎక్కించుకునేవాడు. మేమంతా మొద్దు అన్నాం. పదిలో తప్పి, నాపరాళ్ల పనికి పోయాడు. 2018లో కంటి వెలుగు శిబిరంలో పరీక్ష చేస్తే, దూరం చూపు లేదని తేలింది. అద్దాలు పెట్టుకున్నాక నాతో అన్న మాట: "అరే, వేప చెట్టుకు ఆకులు ఒక్కొక్కటి కనబడతయారా!"

అతని చేతిలో ఏ లోపమూ లేదు, బుర్రలోనూ లేదు. మేమెవరమూ అతని కళ్లు చూపించమని అడగలేదు.

కాబట్టి మీ పక్క మంచం తమ్ముడు కళ్లు చిట్లించి చూస్తున్నా, నోట్సు పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకుంటున్నా నవ్వకండి. వార్డెన్ సారుకు చెప్పండి, కంటి పరీక్షకు పంపించండి. చూపు బాగున్నవారు దాన్ని నిలపడం నేర్చుకోండి. ఆటలోనైనా చదువులోనైనా గురి అక్కడే మొదలవుతుంది.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి