పర్సు ఆమెది... సొత్తు ఆయనది!

మా అమ్మాయి కాన్పుకని 2019 వేసవిలో లండన్ వెళ్లాను. మనవరాలికి మూడో నెల వచ్చాక ఓ ఆదివారం అందరం కలిసి వెస్ట్‌మినిస్టర్ వైపు బయల్దేరాం. బిగ్ బెన్ చుట్టూ అప్పుడు మరమ్మతులకని పరంజా కట్టి ఉంది. ‘ఇంతదూరం వచ్చింది ఈ కర్రలు చూడ్డానికా?’ అనుకుంటూ వంతెన దగ్గరికి నడిచాను. అక్కడ కనిపించింది ఆవిడ. రెండు గుర్రాల రథం మీద చేతిలో ఈటెతో నిలబడి ఉంది. ఆమెకు చెరో పక్కన ఇద్దరు ఆడపిల్లలు.

‘బొడికా రాణి’ అని చెప్పింది మా అమ్మాయి. ఇంటికెళ్లాక ఆమె కథ చదివితే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తూర్పు ఇంగ్లండులో ఐసీనీ అనే తెగకు బొడికా భర్త రాజు. రోమన్ల ఏలుబడి నడుస్తున్న కాలం. ఆయనకి మగపిల్లల్లేరు. రాజ్యాన్ని ఇద్దరు కూతుళ్లకూ, నీరో చక్రవర్తికీ కలిపి వీలునామా రాసి పోయాడు. చక్రవర్తికి కూడా వాటా పెడితే పిల్లల జోలికి రారనుకున్నాడు పాపం. రోమన్లు ఆ వీలునామాని ఖాతరు చెయ్యలేదు. ఆస్తంతా లాక్కుని, తల్లిని కొరడాలతో కొట్టి, కూతుళ్లని చెరిచారు. క్రీ.శ. 60-61 ప్రాంతంలో ఆమె తిరగబడి కాల్చేసిన మూడు ఊళ్లలో లండన్ ఒకటి. ఇప్పటికీ అక్కడ లోతుగా తవ్వితే కాలిన ఎర్రమట్టి పొర తగులుతుందట. చివరికి ఆమె ఓడిపోయింది, అది వేరే సంగతి. కూతుళ్లకు రాసిన ఆస్తి దగ్గర మొదలైంది కదా ఆ గొడవంతా అన్నదే నా మనసులో మెదులుతూ ఉంది.

తర్వాత వచ్చిన ఆంగ్లో సాక్సన్ల కాలం ఇంతకన్నా నయమనిపిస్తుంది. పదో శతాబ్దంలో విన్‌ఫ్లాడ్ అనే ఆవిడ రాయించిన వీలునామా బ్రిటిష్ లైబ్రరీ దగ్గర ఉంది. భూములతోపాటు బట్టలూ, నగలూ ఎవరికేమివ్వాలో వివరంగా చెప్పింది. చెక్కడం పని చేసిన కంకణం కూతురికట! మన అమ్మమ్మలు మురుగులు పంచినట్టే లేదూ? 1066లో నార్మన్లు వచ్చాక స్థిరపడిన చట్టంలో మాత్రం పెళ్లయిన ఆడదానికి వేరే ఉనికే లేకుండా పోయింది. భార్యాభర్తలిద్దరూ ఒకే మనిషి, ఆ మనిషి భర్త. ఆమె తెచ్చుకున్న డబ్బూ, సంపాదించుకున్న కూలీ, ఆఖరికి కన్నపిల్లలు కూడా ఆయనకే.

అలా వందల ఏళ్లు గడిచాయి.

కరోలిన్ నార్టన్ అనే రచయిత్రి గురించి తప్పక చెప్పాలి. భర్త కొట్టేవాడు. 1836లో ముగ్గురు కొడుకుల్నీ ఆమెకు దక్కకుండా తీసుకుపోయాడు. పుస్తకాలు రాసి ఆమె సంపాదించిన డబ్బు కూడా తనదేనన్నాడు. ‘అలాగా, అయితే నా బాకీలు కూడా మీవే’ అన్నట్టు అప్పులవాళ్లని ఆయన మీదికి పంపిందావిడ! నవ్వొచ్చినా ఆ తెలివికి దండం పెట్టాలనిపించింది. ఆమె పోరు పుణ్యమా అని 1839లో ఏడేళ్లలోపు పిల్లల్ని తమ దగ్గర ఉంచుకోవాలని తల్లులు కోర్టుకెళ్లే వీలొచ్చింది. కానీ ఆ చట్టం స్కాట్లండుకి వర్తించదు. ఆయనేమో పిల్లల్ని అక్కడే ఉంచాడు. 1842లో చిన్నకొడుకు గుర్రం మీంచి పడ్డాడు. తల్లి వెళ్లేసరికే శవపేటికలో ఉన్నాడు.

వంతెన నుంచి కాస్త నడిస్తే పార్లమెంట్ స్క్వేర్. అక్కడున్నవన్నీ మగవాళ్ల విగ్రహాలే. మొదటి ఆడమనిషి విగ్రహం 2018లో పెట్టారు. అది ఓటుహక్కు కోసం పోరాడిన మిలిసెంట్ ఫాసెట్‌ది. ఆవిడ పర్సుని ఓసారి ఎవరో కుర్రాడు కొట్టేశాడు. అందులో ఉన్నది ఒక పౌను, 18 షిల్లింగులు, 6 పెన్నీలు. కోర్టులో నేరం చదివారు... మిలిసెంట్ దగ్గర దొంగిలించిన పర్సు ఆమె భర్త హెన్రీ ఫాసెట్ సొత్తు అని! తనమీదే దొంగతనం మోపినట్టు అనిపించిందట ఆమెకి. పెళ్లయిన ఆడవాళ్ల కష్టార్జితం వాళ్లదేనని 1870లో చట్టమొచ్చింది. మొత్తం ఆస్తి మీద హక్కు దక్కింది 1882 చట్టంతో. అందరికీ మగవాళ్లతో సమానంగా ఓటు వచ్చేసరికి 1928 అయింది.

ఇవన్నీ నాకెందుకు పట్టాయో చెప్పనా? నా పెళ్లి 1984లో అయింది, మా చెల్లిది 1987లో. పిత్రార్జితంలో కూతుళ్లకూ వాటా ఇస్తూ మన రాష్ట్రంలో వచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయినవాళ్లకి వర్తించదు. 1996లో నాన్న పొలం పంచి రిజిస్టరు చేయించినప్పుడు తమ్ముడికీ చెల్లికీ భాగం వచ్చింది. నాకు రాలేదు. పైగా కాగితాల మీద నాచేత సాక్షి సంతకం పెట్టించారు! 2005లో దేశమంతటికీ మంచి చట్టం వచ్చింది గానీ, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాల్ని అది కదపలేదు. చెల్లి మీద నాకేం కోపం లేదు. ఏటా కొత్త బియ్యం పంపుతుంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఈ సంగతి మొదటిసారి మా అమ్మాయికి చెప్పాను. పాపని భుజాన వేసుకుని కాసేపు ఊరుకుంది. ‘సంతకం పెట్టేటప్పుడు నువ్వేం అనలేదా అమ్మా?’ అంది.

‘పెన్ను సరిగ్గా రాయట్లేదన్నాను’ అని చెప్పాను.