పొట్లముల బెడద

వంటింటికి వలసిన సరకేదియు నేడు పొట్లము లేక గడప దాటి వచ్చుట లేదు. పాలు సంచిలో వచ్చును. నూనె సంచిలో వచ్చును. పెరుగు ప్లాస్టిక్కు గిన్నెలో వచ్చును. ఉప్పు, పప్పు, కారము, తుదకు ఇంటింట చెట్టున్న యూళ్లలో చింతపండు సయితము పలుచని కవరులో వచ్చును. సరకు మన కడుపున బడును. పొట్లము మాత్రము చేతిలో మిగులును. ఇట్లు మిగిలిన దానిని ఏమి చేయవలెనని అడిగినచో ప్రభుత్వమువారును, పురపాలక సంఘములవారును, సరకులు చేయు కంపెనీలవారును ఒక్కటే సమాధానము చెప్పుచున్నారు: ఇంటివద్ద వేరుచేసి యిండు, తక్కినది మేము చూచుకొందుము. ఈ మాట యెంత సులభమో ఆచరణ యంత సులభమగునా యని మేమొక మాసము మా గృహమున శ్రద్ధతో ప్రయత్నించి చూచితిమి. ఆ యనుభవమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

తొలి చిక్కు పాలసంచితోనే వచ్చినది. పాలసంచి పాలిథీనుతో చేసినది. ఒకే జాతి ప్లాస్టిక్కగుటచే కరగించి మరల వాడుటకు పనికివచ్చును. పాత సామానుల వర్తకులును దానిని కొందురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని పాలు పోసికొనిన వెంటనే కడుగకున్న సంచి మధ్యాహ్నమునకే పులిసి కంపుకొట్టును. సాయంకాలమునకు చీమలబారు తయారగును. కడిగిన మాత్రమున చాలదు, ఆరవేయవలెను. తడిసంచులు మూటగట్టినచో బూజుపట్టును. దినమునకు రెండు సంచుల చొప్పున నెలకు అరువది సంచులు. మా పెరటిలో బట్టల తీగెమీద పాలసంచులు వరుసగా వ్రేలాడుట చూచి పొరుగువారు, "ఏమండీ, కొత్త వ్యాపారం మొదలుపెట్టారా?" అని పరిహాసమాడిరి. వేసవిలో ట్యాంకరుకై బిందెలు వరుసగా పెట్టుకొను వీధులలో సంచి కడుగుటకు నీరు ఎక్కడిది? మేము కూరగాయలు కడిగిన నీటితో సరిపుచ్చితిమి.

మేము కడిగితిమి, మేము ఆరవేసితిమి అని వ్రాయుచున్నామేగాని, నిజము చెప్పవలెనన్న తొలి వారము తరువాత ఆ పని మా యిల్లాలి నెత్తిన బడినది. ఆమె యొకనాడు తొట్టివద్దనుండియే, "మీరు పత్రికలో రాయండి, నేను సంచులు కడుగుతాను" అని యనెను. మా యొద్ద ప్రత్యుత్తరము లేకపోయినది. వేరుచేయుట యను నీ కార్యమును గూర్చి సభలలో ఉపన్యసించువారు, ఇది ఎవరి చేతులకు అదనపు పని యగుచున్నదో చెప్పుట మేము వినలేదు. ఇండ్లలో ఇది స్త్రీలకును, కలిగిన యిండ్లలో పాచిపని చేయు మనిషికిని చేరుచున్నది. ఆ పనిమనిషికి దీనికై ఒక రూపాయి జీతము పెంచినవారెందరు?

పాలసంచిని గూర్చి మరియొక సంగతి. మనము సంచి మూలను కత్తెరతో కోయుదుము. ఆ ముక్కోణపు తునక క్రింద పడును, చీపురుతో కాలువలోనికి బోవును. అంత చిన్నదానిని ఏరువాడు లేడు, కొనువాడు లేడు. కోత పూర్తిగా కోయక తునకను సంచినే అంటిపెట్టుకొని యుండునట్లు చీల్చిన చాలును. ఈ చిన్న యలవాటు మా యింట కుదురుటకు పది దినములు పట్టినది.

నూనెసంచి దగ్గర మా యుత్సాహము సగము చల్లారినది. అది చన్నీటికి లొంగదు. వేడినీరు, సబ్బు కావలెను. ఆ జిడ్డునీరు మురుగు కాలువకు బోవును. ఇంత శ్రమపడి కడిగిన పిదప వర్తకుడు దానిని చేతితో నలిపి చూచి, "ఇది తీసుకోమండీ" అని తిరిగి యిచ్చెను. కారణ మేమనగా, నూనెసంచులలో పెక్కు ఒకే పొర గలవి కావు. లోపలి పొర అంటించుటకు, నడిమి పొర గాలిని ఆపుటకు, పైపొర అచ్చు నిలుచుటకు. ఒక్కొక్కటి ఒక్కొక్క జాతి. పిల్లలు తిను చిప్సు, బిస్కత్తుల తొడుగుల లోపల వెండివలె మెరయునది వెంట్రుకకన్న ఎన్నోరెట్లు పలుచనైన అల్యూమినియపు పూత. ఈ పొరలు ఒకదానినొకటి విడదీయుటకు అగు వ్యయము, విడదీయగా వచ్చు సరకు వెలకు మించును. పండ్లరసముల అట్టపెట్టెలును ఇట్టివే: వానిలో సుమారు మూడు పాళ్లు కాగితము, తక్కిన పాలు పాలిథీను, కొంచెము అల్యూమినియము. వీనిని విడదీయు యంత్రములు గల మిల్లులు లేకపోలేదు గాని, మన వీధి వర్తకునికిని ఆ మిల్లునకును నడుమ దారి లేదు.

పొట్లము వెనుక మూడు బాణముల ముక్కోణమును, అందొక యంకెయు నుండును. దానిని చూచి ఇది మరల పనికివచ్చునని మనము సంతోషింతుము. ఈ గుర్తు 1988లో అమెరికాలోని ప్లాస్టిక్కు పరిశ్రమవారు ఏర్పరచినది. అది ప్లాస్టిక్కు జాతిని తెలుపును, అంతే. 1 అన్నచో నీటిసీసాల జాతి, 4 అన్నచో పాలసంచుల జాతి, 5 అన్నచో పెరుగు గిన్నెల జాతి, 7 అన్నచో "ఇతరములు". మా వంటింట పోగుపడినదానిలో ఈ ఇతరములే గుట్టగా నుండెను. అంకె కానరాని పొట్లములు మరికొన్ని. భూతద్దము పట్టుకొని పొట్లముల వీపులు చదువుట గృహస్థుల పని యని మేము తలంపము.

ఇక పొట్లమే మన శత్రువని కొందరు చెప్పుచున్నారు. మేము అంత దూరము పోము. 1998 ఆగస్టులో ఢిల్లీలో బలురక్కసి గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి వేలకొలది జనులు జబ్బుపడిరి, పదులకొలది మరణించిరి. ఆ యేడే కేంద్ర ప్రభుత్వము వంటనూనెలను విడిగా నమ్మక పొట్లములలోనే అమ్మవలెనని ఉత్తర్వు చేసెను. నూనెసంచి మన యింటికి వచ్చిన త్రోవలో ఆ మరణములును గలవు. డబ్బా పట్టుకొని కొట్టుకు బోవు పాతకాలమును పొగడువారు దీనిని మరువరాదు. మా పత్రిక విషయమే చూడుడు. నిన్నటి సంచిక నేడు మిరపకాయ బజ్జీల పొట్లమగుట చిరకాల మర్యాద. అచ్చుసిరా ఆహారమున కలియునని 2018 నాటి ఆహార భద్రతా నిబంధనలు ఆ మర్యాదను తొలగించినవి. మాకు కొంచెము చిన్నతనముగ నున్నను, నిబంధన న్యాయమైనదే.

కావున వివాదము పొట్లము ఉండవలెనా వలదా యని కాదు. మిగిలిన పొట్లమునకు బాధ్యులెవరనియే.

2016లో రెండు నియమావళులు వెలువడినవి. ఒకదానియందు గృహస్థు తడిచెత్తను, పొడిచెత్తను, ఇంటి యందలి హానికర వస్తువులను మూడుగా వేరుచేసి యీయవలెనని విధించిరి. రెండవదానియందు పొట్లము చేయు కంపెనీలే దానిని తిరిగి సేకరించు బాధ్యత వహింపవలెననియు, మరల పనికిరాని పలుపొరల ప్లాస్టిక్కును రెండేండ్లలో మానివేయవలెననియు శాసించిరి. ఆ రెండేండ్లు నిండినవి. 2018 మార్చిలో సవరణ వచ్చెను. మరల పనికిరానిదియు, తగులబెట్టి శక్తి తీయుటకును పనికిరానిదియు, వేరే యే యుపయోగమును లేనిదియు అయినచో మాత్రమే మానవలెనట! తగులబడని ప్లాస్టిక్కు ఏది? చిప్సు తొడుగు సిమెంటు బట్టీలో మండును. కావున అది నిర్దోషి. 2022 జూలై 1 నుండి గొట్టములు, చెంచాలు, పళ్లెములు మొదలగు కొన్ని వస్తువులు నిషేధింపబడినవి. కొబ్బరిబొండముల వాని గొట్టము పోయినది. వాని ప్రక్క కొట్టులో దండలుగా వ్రేలాడు తొడుగులు అట్లే యున్నవి. గృహస్థునకు విధించిన నియమమును సవరింప వలసినదని మాత్రము నాడు ఎవరికిని తోచలేదు.

సరే, మన విధిని మనము నెరవేర్చితిమే యనుకొందము. రెండు బుట్టలు పెట్టి పదునైదు దినములు సిద్ధపరచిన పిదప, చెత్తబండి రాగా స్వయముగా తీసికొనిపోయితిమి. ఆ మనిషి రెంటిని అందుకొని రెంటిని ఒకే గుంటలో గ్రుమ్మరించెను. ఇదేమని యడుగగా, "ఏం చేయమంటారు బాబుగారూ, లోపల గది ఒక్కటే. మీరు వేరుగా ఇస్తే నేనెక్కడ పోసుకోను?" అనెను. అతని తప్పు లేదు. బండికి నడుమ ఒక రేకు అడ్డము పెట్టించలేని పురపాలక సంఘము గోడలనిండ "తడి వేరు, పొడి వేరు" అని వ్రాయించినది. అయితే ఆ బండి ప్రక్కన ఒక గోనెసంచి వ్రేలాడుచుండెను. చూచుచుండగనే ఆ మనిషి మా పాలసంచులను, ఒక నీటిసీసాను ఏరి దానిలో వేసికొనెను. సాయంకాలము అమ్మి చేతిఖర్చునకు తెచ్చుకొనునట. ఆ గోనెలోనికి బోయినదే మరల పనికివచ్చును. అందులోనికి పోనిది గుట్టకు బోవును, లేదా కాలువకు బోవును.

కాలువ యనగా పల్లెలలో భూములు గల మా పాఠకులు ఇంక శ్రద్ధగా వినవలెను. విజయవాడ నగరము నడుమగా బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ పారుచున్నవి. పట్నపు వంటింట విసరిన తొడుగు ఆ నీటి వెంట డెల్టాకు బయలుదేరును. నీరు వదలిన తొలిదినములలో తూములవద్ద నిలిచి చూచినవారికి మేము వర్ణింప బనిలేదు. బోదె మూతిన కవర్లు అడ్డుపడి నీరెక్కకున్న రైతే పార పట్టుకొని దిగవలెను. మడిలో దిగినది మడిలోనే యుండును. దుక్కికి పైకి వచ్చును, మరల మట్టిలో గలియును, చివుకదు. పట్నపు చెత్తతో చేసిన ఎరువు చవుకగా వచ్చునని తోలించుకొనిన వారికి దానిలో మెరయు తునకలు కనబడకపోవు. పశువుల సంగతి ఇంతకన్న దారుణము. అన్నముమెతుకులతో కలిపి ముడివేసి విసరిన కవరును ఆవు ముడివిప్పుకొని తినదు. అనంతపురము సీమలో పుట్టపర్తియందలి కరుణ సొసైటీవారు పశువులకు శస్త్రచికిత్స చేసి కడుపునుండి పదులకిలోల ప్లాస్టిక్కు తీసి, 2012లో ఈ విషయమై సుప్రీముకోర్టు నాశ్రయించిరి. నాలుగేండ్లు వ్యాజ్యము నడచినది. ఆవును పూజించు దేశమున నింత మాత్రమునకు కోర్టు మెట్లెక్కవలసివచ్చెను.

కొందరు కవర్లను నీళ్లపొయ్యిలో వేసి స్నానపు నీరు కాచుకొందురు. ఆ పొగ మొదట పీల్చునది పొయ్యి నూదు మనిషియే. దీనిని వెంటనే మానవలెను.

చేయదలచిన చేయవచ్చుననుటకు దూరపు నిదర్శనములు వలదు. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో నల్లగొండ జిల్లా సూర్యాపేటయందు నాటి కమీషనరు ఖాదర్ సాహెబు వీధులలోని చెత్తతొట్లను తొలగించి, తడిపొడులను ఇంటి గడపవద్దనే వేరుగా తీసికొనునట్లు చేసెను. పొడిచెత్త అమ్ముడుపోయెను, తడిచెత్త వానపాముల ఎరువయ్యెను. పెద్ద నిధులేవియు దిగిరాలేదు. బండి వేరుగా దీసికొనెను గనుక జనులు వేరుగా నిచ్చిరి. ఈ వరుస తారుమారైనచోట ఎన్ని గోడవ్రాతలైనను వ్యర్థము.

పొట్లమునకు వెల కట్టుట రెండవ మార్గము. ఖాళీ సోడాసీసాను ఎవరైన వీధిలో పారవేసిరా? కొట్టువాడు ధరావతు పట్టెను గనుక కుర్రవాడు పరుగెత్తి తిరిగి యిచ్చెడివాడు. జర్మనీలో 2003 నుండి ఒకమారు వాడు సీసాలకును డబ్బాలకును 25 సెంట్ల ధరావతు గలదు. మన పొరుగున నీలగిరులలో 2022 నుండి మద్యపుసీసాకు 10 రూపాయలు అదనముగ దీసికొని, సీసా తెచ్చినవారికి తిరిగి యిచ్చుచుండగా కొండలలో గాజుపెంకులు తగ్గినవి. మహారాష్ట్రలో 2018లో పాలసంచికి 50 పైసలకు తగ్గకుండ తిరిగి కొనువెల అచ్చువేయవలెనని ఉత్తర్వు చేసిరి. డెయిరీలు సిద్ధముగ లేక అది తడబడినది. మద్యపుసీసాకు దొరకిన గౌరవము పాలసంచికి దొరకకపోవుట వింతగ నున్నది. మన రెండు తెలుగు ప్రభుత్వములును పాలసంచితోనే ఆరంభింపవచ్చును. పాలబండి దినమును తెల్లవారుజామున నిండుగా వచ్చి ఖాళీగా తిరిగిపోవుచున్నదిగదా. నిన్నటి సంచులు దానిలోనే పోవచ్చును. పలుపొరల తొడుగుల మాటకు వచ్చిన, వానిని ఒకే జాతి పొరతో చేయుడని కంపెనీలకు గడువు పెట్టవలెను. ఈసారి గడువు నిండునప్పుడు సవరణ రాకూడదు.

మా మాసపు లెక్క ముగిసినది. ఉల్లిపాయల బండివాడు మైకులో పాత ఇనుము, పాత ప్లాస్టిక్కు అని కేకవేయుచు మా వీధికి వచ్చినప్పుడు పోగుచేసినదంతయు వానియెదుట బోసితిమి. పెరుగు గిన్నెలు, సీసాలు, పాలసంచులు త్రాసులో వేసి, దోసెడు ఉల్లిపాయలు మా యిల్లాలి కొంగున బోసెను. తొడుగుల మూటను కాలితో ప్రక్కకు నెట్టి, "ఇవి మాత్రం వద్దమ్మా, ఎవరూ తీసుకోరు" అని బండి త్రోసికొనిపోయెను. ఆ మూట మా పెరటి వసారాలో మేకునకు ఇప్పటికిని వ్రేలాడుచునే యున్నది.