తొట్లకొండ సందర్శన

తొట్లకొండ విశాఖపట్నం నుండి భీమునిపట్నం వెళ్ళే సముద్రతీర మార్గంలో, నగరానికి సుమారు 15 కి.మీ. దూరంలో ఉన్న బౌద్ధక్షేత్రం. వర్షపు నీటి నిలువకై భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వలన ఈ పేరు వచ్చినది. 1988-1992 మధ్య జరిగిన త్రవ్వకాలలో స్తూపాలు, చైత్యాలు, విహారాలతో పాటు శాతవాహన, రోమను నాణేలు లభించాయి. ఈ ఆరామానికి సముద్రవర్తకంతో గల సంబంధాన్ని ఆ నాణేలు సూచిస్తాయి.

కొండపైకి వాహనమార్గం ఉన్నది. నీడ తక్కువ కనుక ఉదయమే కొండ చూసుకొని, సాయంత్రం తీరానికి దిగుట మేలు. నవంబరు-ఫిబ్రవరి నెలలు అనుకూలం. త్రాగునీరు వెంట తీసుకొని వెళ్ళాలి.

2019 అక్టోబరు వర్షాలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయినది. కావున ఫోటోల కొరకు కట్టడాలపైకి ఎక్కరాదు. ఈ తీరంలో అలల లాగుడు బలమైనది. ఈతగాళ్ళు సైతం లోతుకు వెళ్ళరాదు. వ్యవధి ఉన్నవారు ధాతుకరండం లభించిన బావికొండను కూడా చూడవచ్చు.