ఎండకు మొరాయించు పాత కారు: దోషము కనుగొను క్రమము

కాడి కట్టిన యెద్దు మొరాయించినచో మనము మొదట దాని గిట్టలు చూతుము. మెడపై కాడి ఒరసిన పుండున్నదేమోయని తడిమి చూతుము. ముందటి రాత్రి మేత మేసినదా లేదా యని విచారింతుము. ఇవేవియు చూడకయే సంతకుఁబోయి క్రొత్త యెద్దును కొనువాఁడు మనలో లేఁడు. కాని పాత కారు మొరాయించినప్పుడు మనము చేయుచున్నది సరిగా నదియే. దోషమేదో తెలియకమునుపే ఒక సామానును మార్పింతుము. అది కాదని తేలిన పిమ్మట మఱియొకటి మార్పింతుము. ఇందువలన కలుగు నష్టమును మేము స్వయముగా అనుభవించితిమి గనుక సభ్యులకు ఉపకరించునను తలంపుతో ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. 1983లో వెలువడిన మారుతి 800 తయారీయు ఆ సంవత్సరముననే ముగిసినది. అయినను ఈ కార్లు పల్లెలలో నేటికిని కొన్ని యిండ్ల ముంగిట కనఁబడుచున్నవి. విత్తనములు తెచ్చుటకును, రోగిని వైద్యునికడకు చేర్చుటకును అవియే ఆధారము. మా పాత అంబాసిడరు అట్టిదే. కార్బ్యురేటరుతో నడచు పెట్రోలు బండి.

గత వేసవిని మే నెలలో మా పెదతల్లిగారిని చికిత్సకై నగరమునకు తీసికొనిపోయి, తిరుగుప్రయాణమున ఉప్పలు కూడలివద్ద మందులు కొనుటకై 20 నిమిషములు ఆగితిమి. ఘటకేసరు, బీబీనగరు, భువనగిరి దిక్కునకు పోవువారికి ఆ కూడలి ముఖద్వారము. సమయము మధ్యాహ్నము రెండు గంటలు. మందులు కొని వచ్చి తాళము త్రిప్పఁగా సెల్ఫు చురుకుగానే తిరిగెను గాని ఇంజను అందుకొనలేదు. పెడలును పదే పదే త్రొక్కితిమి. ప్రయోజనము లేకపోయెను. కారు లోపల పొయ్యివలె కాఁగుచుండెను. పెద్దావిడకు ముచ్చెమటలు పట్టెను. ఆమెను మెట్రో వంతెన నీడకు చేర్చి, నీరు త్రాగించి, విసరుచు కూర్చుంటిమి. గంట గడచిన పిమ్మట కారు ఏమియు జరుగనట్లే కదలెను.

ఆ వారములోనే ఒక మెకానిక్కు కాయిలును మార్చెను. పది దినములకు మరల అదే పాటు. మఱియొకరు బ్యాటరీని మార్చిరి. రెండింటికిని కలిపి ఏడు వేల రూపాయలు వ్యయమైనను దోషము దోషముగనే యుండెను. వీరిని నిందించుట మా యుద్దేశము కాదు. మేము కారును వారికి చూపినది ప్రతిసారియు ఉదయమున, చల్లని వేళ. అప్పుడది ఒక్క త్రిప్పునకే కదలుచుండెను. చల్లబడిన కారును చూపి దోషము కనుఁగొనుమనుట, జ్వరము దిగిన పిమ్మట రోగిని వైద్యునికి చూపుటవంటిది.

కడకు నాచారము పారిశ్రామికవాడలో పంపు సామాను బాగుచేయించుటకు పోయినప్పుడు ఒక వృద్ధ మెకానిక్కుతో ఈ మాట చెప్పితిమి. ఆయన, "మధ్యాహ్నము అరగంటసేపు నడిపి, ఆ వేఁడిమీఁదనే నా యొద్దకు తెండు" అనెను. మేమట్లే చేసితిమి. ఆయన ఇంజను నాపించి, బానెట్టు మూసియుంచి, 20 నిమిషములు మాతోఁగూడ వేచియుండెను. పిమ్మట సెల్ఫు కొట్టించి, అది అందుకొనకపోఁగా ఒక ప్లగ్గును విప్పి చూపెను. అది పెట్రోలుతో తడిసియుండెను. దోషము పెట్రోలు అందకపోవుటలో లేదు, మితిమీఱి చేరుటలో నున్నదని అప్పుడు తెలిసినది.

దీనికి కారణమును ఆయన వివరించిన విధమిది. పెట్రోలు నీటివలె ఒకే ద్రవము కాదు. పెక్కు ద్రవముల మిశ్రమము. నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడున మరగును. పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీల దరిదాపులనే ఆవిరి కాఁదొడఁగును. బరువైనవి 200 డిగ్రీలవఱకు నిలుచును. కారు నడచుచున్నంతసేపు ఫ్యాను గాలియు, రేడియేటరు నీరును ఇంజను వేఁడిని కొనిపోవుచుండును. ఇంజను నాపఁగనే ఆ రెండును నిలిచిపోవును. వేఁడి మాత్రము లోననే యుండి పైకి ప్రాఁకును. కావున ఆపిన తరువాత మొదటి పది నిమిషములనుండి అరగంటవఱకు కార్బ్యురేటరు, నడుచునప్పటికంటె ఎక్కువగా కాఁగును. అంబాసిడరు పాత ఇంజనులో పొగ వెడలు గొట్టము కార్బ్యురేటరున్న ప్రక్కనే యున్నది; అందువలన ఈ బాధ మఱింత హెచ్చు. తొట్టిలోని పెట్రోలు మరగి, పొంగి, ఇంజనులోనికి జాఱును. దానికి తోడు మేము పెడలును త్రొక్కినప్పుడెల్లను లోపలి చిన్న పంపు మఱికొంత పెట్రోలును చిమ్ముచుండెను. కారు కదలవలెనని మేము చేసిన పనియే కారును ముంచినది.

అంతలో వేఁడి ఏల యింతగా ఎక్కుచున్నదను ప్రశ్న మిగిలెను. కార్బ్యురేటరు క్రింద వేఁడిని అడ్డగించు దళసరి దిమ్మ యుండవలెను. ముందటి యేడు కార్బ్యురేటరును విప్పి కడిగినప్పుడు ఎవరో ఆ దిమ్మను తీసివైచి, పలుచని కాగితపు గాస్కెట్టును మాత్రమే యుంచిరి. దిమ్మను మరల నమర్చుటకైన వ్యయము కాయిలు వెలలో సగమునకైనను రాలేదు. ఆ దినము మొదలు బాధ లేదు.

అయితే అందఱి కార్లకును ఇదే దోషమని తలంపరాదు. లక్షణము ఒక్కటైనను వ్యాధులు వేఱు. కావున కారు వేఁడిగా నుండి మొరాయించుచున్న యా సమయముననే ఈ క్రింది వరుసను పరీక్షింపవలయును.

మొదటిది, చెవితో వినవలయును. సెల్ఫు మెల్లగా మూలుగుచు తిరిగినను, టక్కుమని యాగినను దోషము విద్యుత్తుది. బ్యాటరీ తలలపై తెల్లని పొక్కు పట్టినదేమో చూచి శుభ్రము చేయవలయును. వేసవిలో బ్యాటరీ నీరు త్వరగా ఇంకును. నీరు పోయు రకమైనచో పలకలు మునుఁగునట్లు డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలయును, బావినీరు పోయరాదు. నిలుకడగా నున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపును. అదియు బాగుగనే యున్నచో ఇంజనును కారు శరీరమునకు కలుపు ఎర్తు పట్టీని చూడవలయును. రాగి తీఁగె వేఁడెక్కినకొలఁది విద్యుత్తునకు అడ్డు హెచ్చును. 10 డిగ్రీలకు ఇంచుమించు 4 శాతము. చలిలో ఎట్లో నెట్టుకొనివచ్చు త్రుప్పు పట్టిన పట్టీ ఎండలో చేతులెత్తివేయును.

రెండవది, సెల్ఫు చురుకుగా తిరిగియు ఇంజను అందుకొననిచో ముక్కుతో వాసన చూడవలయును. పెట్రోలు కంపు ఘాటుగా నుండి, ప్లగ్గు తడిసియున్నచో అది మా కారు బాధయే. చోకు ముట్టక, పెడలును ఒక్కసారి అడుగంట నదిమి అట్లే పట్టియుంచి, పది సెకండ్లు సెల్ఫు కొట్టవలయును. పెడలును ఎగఁద్రొక్కరాదు. అందుకొననిచో ఒక నిమిషమాగి మరల యత్నింపవలయును. ఎడతెగక కొట్టినచో సెల్ఫు మోటారు కాలును.

మూఁడవది, ప్లగ్గు పొడిగా నుండి వాసన లేనిచో పెట్రోలు రాకపోవుచున్నదని అనుమానింపవలయును. ముందుగా ట్యాంకు మూఁతను తీయుఁడు. గాలి బుస్సుమని లోనికి పోయి, పిమ్మట కారు కదలినచో మూఁత రంధ్రము పూడినదన్నమాట. అది కానిచో పెట్రోలు గొట్టముపైనను, ఇంజను ప్రక్కనున్న పెట్రోలు పంపుపైనను తడిగుడ్డ వేసి కొన్ని నిమిషములు ఆగవలయును. అంతట కదలినచో గొట్టములో ఆవిరి అడ్డుపడినదని నిశ్చయము. గొట్టమును పొగగొట్టమునకు దూరముగా మరల్చుటయే దానికి మందు. కాఁగిన పొగగొట్టముపై మాత్రము నీరు పడనీయరాదు; అది పగులును.

నాలుగవది, పెట్రోలు సరిగానే యున్నచో నిప్పురవ్వను చూడవలయును. పెట్రోలు ఆవిరులు చెదరిన పిమ్మటనే, తెలిసినవానిచేతనే ఇది చేయింపవలయును. ప్లగ్గు చివర నీలిరవ్వ బలముగా వచ్చినచో మంచిది. రానిచో కాయిలును, కండెన్సరును అనుమానింపవలయును. ఈ రెండును చల్లగా నున్నప్పుడు పనిచేసి, కాఁగినప్పుడు మానివేయు స్వభావము కలవి.

కార్బ్యురేటరు లేని ఇంజెక్షను కార్లలో పెట్రోలు ఒత్తిడితో వచ్చును గనుక ఆవిరి యడ్డు అరుదు. వానిలో ఇంజను తిరుగుటను పసికట్టు క్రాంకు సెన్సారు వేఁడికి చెడుట కలదు.

మఱియొక మాట. మన చెఱకునుండియు, మొక్కజొన్ననుండియు, బియ్యమునుండియు తీయు ఇథనాలును 2025 నాఁటికి దేశమంతట పెట్రోలులో 20 శాతము వఱకు కలుపుచున్నారు. పంటకు గిరాకి కలుగుట సంతోషమే. కాని దీనికై తయారుకాని పాత రబ్బరు గొట్టములు మెత్తబడి పగులును. పగిలిన గొట్టమునుండి కారు పెట్రోలు వేఁడి ఇంజనుపై పడినచో కారే కాలిపోవచ్చును. వేసవికి మునుపే వానిని మార్పింపుఁడు.

సోదరులారా! ఏ దినమున, ఏ వేళ, ఎంతసేపు నిలిపిన పిమ్మట కారు మొరాయించెనో, ప్లగ్గు తడియో పొడియో ఒక కాగితముపై వ్రాసికొనుఁడు. ఆ కాగితముతో, వేఁడి కారుతో మెకానిక్కునొద్దకు పొండు. ఊహించి మార్చిన సామాను వెల మన కష్టార్జితమే. కారులో వృద్ధులుగాని, పసిపిల్లలుగాని యున్నచో పరీక్షలన్నిటికంటె మునుపు వారిని దింపి నీడకు చేర్పుఁడు. కారు గంట ఆలస్యముగా కదలినను నష్టము లేదు.